గానుగలో గుప్పెడు నీళ్లు

నేను పుట్టింది పులివెందులలో, పాఠాలు చెప్పేది ప్రొద్దుటూరులో, మెట్టింది జమ్మలమడుగులో. ఈ మూడింటిలో నీకు చదువు ఎక్కడ వంటబట్టిందని ఎవరైనా అడిగితే, మొహమాటం లేకుండా మా అత్త గానుగ షెడ్డులో అని చెబుతాను. పులివెందులలో మార్కులొచ్చాయి. ప్రొద్దుటూరులో ఉద్యోగమొచ్చింది. నాకు బాగా తెలుసనుకున్న పాఠం ఒకటి ఆ షెడ్డులో ఒక పొద్దున గంటన్నరలో చేజారిపోయి, మళ్లీ కొత్తగా చేతికొచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బస్సులో నాలో నేనే నవ్వుకుంటాను. పక్క సీటు వాళ్లు కొంచెం జరిగి కూర్చుంటారు.

మా ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో చెక్క గానుగ. మా మామగారి తండ్రి కాలంలో ఎద్దు తిప్పేదట, ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతుంది. మిగతాదంతా పాతదే. నడుం ఎత్తు చెక్క రోలు, అందులో ఏటవాలుగా నిలబడి గోడలకు ఒరుసుకుంటూ తిరిగే రోకలి. వలిచిన చెనిక్కాయలు, అంటే పుస్తకంలో వేరుశనగలు, రోట్లో పోసి తిప్పితే నలిగి నలిగి నూనె దిగుతుంది. ఒకసారి పోసినదాన్ని ఒక వాయి అంటారు. వాయి మధ్యలో మా అత్త గూట్లో ఉన్న ఇత్తడి చెంబు తీసి, వేడినీళ్లు వంచుకుని, చేత్తో గుప్పెడు గుప్పెడుగా పిండి మీద చల్లుతుంది. ఎప్పుడు చల్లాలో, ఎన్ని చల్లాలో ఆమెకే తెలుసు. గానుగ తిరుగుతున్నంతసేపూ ఆమె షెడ్డు దాటి బయట అడుగు పెట్టదు. ఇంటికి చుట్టాలొచ్చినా లోపలికే పిలిపించి మాట్లాడుతుంది.

ఆ ఇంటి ఆచారం ఏమిటంటే, గానుగ ఎవరు నడిపినా నీళ్లు చల్లేది మాత్రం ఇంటి ఆడమనిషే. మామగారు ఉన్న రోజుల్లో కూడా ఆయన మూటలెత్తి పప్పు పోసేవారు తప్ప చెంబు ముట్టేవారు కాదట. మా అత్త చేతికి వాళ్ల అత్త ఆ చెంబు ఇచ్చింది కాపురానికొచ్చిన ఏడేళ్లకు. అప్పటికే ఇద్దరు బిడ్డల తల్లి. వండింది, వడ్డించింది, ఊరందరికీ ఆ ఇంటి కోడలిగా తెలుసు. అయినా చెంబు చేతికొచ్చిన రోజే తనకు ఈ ఇంట్లో కాళ్లు నేల మీద ఆనినట్టు అనిపించిందని ఒకసారి నా తలకు నూనె పెడుతూ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచీ నా కన్నంతా ఆ చెంబు మీదే. పెళ్లయి రెండేళ్లు. నాకు ఏడేళ్లు ఆగే ఓపిక లేదు. అడిగే ధైర్యమూ లేదు. ఒకరోజు షెడ్డు ఊడుస్తూ ఊరికే గూట్లోంచి తీసి చూస్తుంటే, మా అత్త ఏమీ అనకుండా నా చేతిలోంచి తీసుకుని మళ్లీ గూట్లో పెట్టింది. తిట్టినా బాగుండేది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను బోటనీ లెక్చరర్ని. మా ఆయనకు కలమల్ల దగ్గర థర్మల్ కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఆయన ఇంట్లో ఉంటే నిద్రపోతుంటాడు, లేకపోతే ఉండడు. కాబట్టి ఇంట్లో మాటలన్నీ నాకూ మా అత్తకూ మధ్యే. నాది ఊరుకునే నోరు కాదు. చదువుకున్నది ఎక్కడ కనిపించినా ఎత్తిచూపాలి. వంకాయ కడుగుతుంటే నీళ్లు ముత్యాల్లా జారిపోయేది దాని తోలు మీద మైనం పూత ఉన్నందుకని చెప్పాలి. చలికాలంలో నెయ్యి పూసకట్టి గట్టిపడితే, చెనిక్కాయల నూనె ఎందుకు గట్టిపడలేదో చెప్పాలి. మా అత్త అన్నీ వింటుంది. విని, "అట్లనా" అంటుంది. ఆ ఒక్క మాటలో మెప్పు ఉందో ఎగతాళి ఉందో నాకు రెండేళ్లయినా అంతుచిక్కలేదు.

కాలేజీలో మాత్రం నా మాట వినే దిక్కులేదు. ఏటా జీవాణువుల పాఠం, అంటే బయోమాలిక్యూల్స్, వస్తుంది. పిండి పదార్థాలు ఎలాగో దాటుతాం, ప్రొటీన్లు ఈదుతాం, లిపిడ్ల దగ్గరికి వచ్చేసరికి నలభై మంది ఆడపిల్లలు ఒకేసారి ఆవులిస్తారు. ఒక గ్లిసరాల్, దానికి మూడు కొవ్వు ఆమ్లాలు అని బోర్డు మీద గీతలు గీస్తాను. వాళ్లు అవే గీతలు నోట్సులోకి దించుకుంటారు. నేనూ మా లెక్చరర్ దగ్గర అలాగే దించుకున్నాను. కొవ్వు అంటే ఏమిటని అడిగితే మొదటి బెంచీ పిల్ల కూడా "ఒళ్లు వచ్చేది మేడం" అని చెప్పింది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను, బెల్లు కొట్టేశారు.

ఇలా ఉండగా మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేడం ఒకామె గానుగ నూనె కావాలని ఆదివారం ఇంటికొచ్చింది. నేను గొప్పగా షెడ్డులోకి తీసుకెళ్లాను. సరిగ్గా అప్పుడే మా అత్త చెంబు తీసి పిండి మీద నీళ్లు చల్లింది. ఆ మేడం కళ్లు పెద్దవి చేసింది. నా చెవి దగ్గరికి వచ్చి, నూనెలో నీళ్లు కలుపుతున్నారే అంది. నాకు మొహం మాడిపోయింది. రోజూ చూస్తున్న పనే. అయినా నీళ్లు ఎందుకని రెండేళ్లలో ఒక్కసారైనా అడగలేదు. ఆమె నూనె తీసుకుందిగానీ, క్యాను మూత తీసి మూడుసార్లు వాసన చూసింది.

ఆ సాయంత్రం చపాతీలు చేస్తూ నేను మొదలుపెట్టాను. నూనె, నీళ్లు కలవవు. కొవ్వు ఆమ్లాల తోకలకు నీళ్లంటే పడదు. పైగా నూనెలో తేమ ఉంటే కొవ్వు విరిగి, ఆమ్లాలు విడివడి, ముక్కిపోయిన వాసన వస్తుంది. ఇది పుస్తకంలో ఉంది. కాబట్టి ఇకమీదట నీళ్లు మానేద్దాం, జనం కూడా స్వచ్ఛమైన నూనె అని మెచ్చుకుంటారు అని చెప్పాను. చెబుతూ చెబుతూ గొంతు పెంచాను కూడా. మా అత్త చపాతీ తిప్పి, కాల్చి, దించి, అప్పుడు తలెత్తింది.

"రేపు పొద్దున పక్కింటి అక్క కాయలుండాయి. నీళ్లు లేకుండా నువ్వే ఆడిచ్చు. నేను చెయ్యి పెట్టను," అంది.

నేను గెలిచాననుకున్నాను. చపాతీ ఒకటి ఎక్కువ తిన్నాను కూడా.

పక్కింటి వాళ్లు ముస్లింలు. నేను ఆమెను పెద్దమ్మా అంటాను. పెద్దాయన కువైట్‌లో డ్రైవరు. ఆయన అక్కడుంటే ఈమె ఇక్కడ చేను చూసుకుంటుంది. వచ్చే ఆదివారం వాళ్ల చిన్నమ్మాయి నికా. పెళ్లి వంటంతా తమ చేలో పండిన చెనిక్కాయల నూనెతోనే చేయాలని ఆమె పట్టు. తండ్రి పెళ్లికి రాలేకపోతున్నాడు, కనీసం ఆయన కొన్న నేల పంటయినా పందిట్లో ఉండాలి అనేది. ఆ కాయలు ఆమె మనిషిని పెట్టి వలిపించకుండా, కూతుళ్లతో కూర్చుని ఒక్కొక్కటీ ఏరి, పుచ్చు తీసి, ఎండబెట్టి తెచ్చింది. వాటితో ప్రయోగం చేయకూడదనే ఆలోచన ఆ సాయంత్రం నాకు రాకపోవడం ఎంత తలపొగరో ఇప్పుడు తెలుస్తుంది.

తెల్లవారి ఏడింటికి మోటారు వేశాను. కాలేజీకి సెలవు పెట్టాను. మా అత్త షెడ్డు మూలలో పీట వేసుకుని కూర్చుంది. ఒళ్లో చేట, చేటలో మినుములు. ఏరుకుంటూ కూర్చుంది. గూట్లో చెంబు ఉంది, పక్కన పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. అలవాటు కొద్దీ పెట్టి ఉంటుందనుకున్నాను.

మొదట బాగానే ఉంది. పప్పు నలిగి రవ్వ అయింది, రవ్వ నలిగి పిండి అయింది. షెడ్డంతా కమ్మటి వాసన. ఇక నూనె దిగుతుందని రోలు కింద గొట్టం దగ్గర గిన్నె పెట్టి, గొంతుక్కూర్చున్నాను. నాలుగు చుక్కలు పడ్డాయి. నేను అత్త వైపు చూశాను, ఆమె మినుముల్లో రాళ్లు చూస్తోంది. తర్వాత చుక్క రాలేదు. లేచి రోట్లోకి తొంగిచూస్తే పిండి జిడ్డుగా మెరుస్తోంది. నూనె అందులో ఉందని కంటికి తెలుస్తూనే ఉంది, బయటికి మాత్రం రాదు. రోకలి దాన్ని పట్టుకోలేక పైపైన జారుతోంది. జారుతూ జారుతూ కీచుమని మొదలుపెట్టింది. రోలు చెక్క మీద చెయ్యి పెడితే చుర్రుమంది. కమ్మటి వాసన కాస్తా వేయించిన వాసనగా మారింది, ఇంకాసేపటికి మాడు వాసన అయింది.

అదే సమయానికి పెద్దమ్మ రెండు స్టీలు క్యాన్లు పట్టుకుని వచ్చింది. వచ్చి అత్త పక్కన ఇంకో పీట లాక్కుని కూర్చుంది. అయిందా అని అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చేసేదాన్ని. ఆమె చేలో కాయలు, వాళ్ల పిల్ల పెళ్లి, కువైట్‌లో ఉన్న పెద్దాయన, అన్నీ ఆ రోట్లో మాడుతున్నట్టు తోచింది. ఆపేయాలా, తిప్పాలా? ఆపితే పిండి రోలుకు పట్టుకుపోతుందని అత్త ఎప్పుడో అన్నట్టు గుర్తు. తిప్పితే మాడుతుంది. నా రెండు డిగ్రీల్లో ఏదీ అప్పుడు నాకు అక్కరకు రాలేదు. చివరికి నోరు విప్పాను.

"అత్తా, నాకు చేతకాలేదు. చూడు."

అంతే. ఆమె చేట పక్కన పెట్టి లేచింది. వచ్చి పిండిలో వేళ్లు పెట్టి చూసింది. చెంబులోకి వేడినీళ్లు వంచుకుంది. ఒక గుప్పెడు చల్లి ఆగింది. రోకలి రెండు చుట్లు తిరిగింది. ఇంకో గుప్పెడు. కీచు తగ్గింది. మూడో గుప్పెడుకు జారిపోతున్న పిండి ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు ముద్దలుగా రోలు గోడకు అతుక్కోవడం మొదలైంది. ముద్దల మధ్య ఎర్రబంగారం రంగులో నూనె ఊరింది. ఊరి, పేరుకుని, గొట్టంలోంచి ధారగా గిన్నెలోకి పడింది. చప్పుడు వినపడగానే నేను నిజంగానే ఏడ్చాను. ఏడుస్తూ నవ్వాను. పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మా అత్త చెంబు దించి నా వైపు తిరిగింది.

"నీళ్లు నూనెకు కాదు మ్మే పోసేది, పిండికి. పిండికి దప్పికైతాది. నీళ్లు దొరికేదాకా నూనెను పట్టుకోనుంటాది. నీళ్లు తాగినాక ఇడ్సిపెడ్తాది. మరీ ఎక్కువ పోస్తే రెండూ కల్సి పాల మాదిరి అయిపోతాది, అప్పుడు దేవుడొచ్చినా తియ్యలేడు."

ఇక తేమ సంగతి. తీసిన నూనెను రెండు రోజులు వెడల్పాటి గిన్నెల్లో మిద్దె మీద ఎండబెడతారు. మడ్డి అడుక్కి దిగుతుంది, మిగిలిన చెమ్మ ఎండకు పోతుంది. ఆ గిన్నెలు నేను రెండేళ్లుగా చూస్తున్నాను. బట్టలు ఆరేయడానికి అడ్డంగా ఉన్నాయని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

ఆ సాయంత్రం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పరీక్షకు చదివిన పేజీలే. ఈసారి మాత్రం కథల పుస్తకంలా చదివాను. చెనిక్కాయ గింజలో నూనె మడుగులా నిలవ ఉండదు. ప్రతి కణంలోనూ లెక్కలేనన్ని సన్నటి బిందువులుగా ఉంటుంది. ఒక్కో బిందువు చుట్టూ ఫాస్ఫోలిపిడ్ల పల్చటి పొర, దానికి కాపలాగా ప్రొటీన్లు. ఆ ఫాస్ఫోలిపిడ్ అనేది రెండు మనసుల మనిషి. తలకు నీళ్లు ఇష్టం, తోకలకు నూనె ఇష్టం. తల బయటికి, తోకలు లోపలికి పెట్టుకుని నూనెను దాచుకుంటుంది. రోకలి ఆ బిందువులన్నిటినీ చితక్కొడుతుంది. విడిపోయిన నూనె ఎక్కడికీ పోకుండా పొడి పిండి పీల్చుకుని కూర్చుంటుంది. వేడినీళ్లు తగలగానే పిండిలోని ప్రొటీన్లు ఆ నీళ్లను పట్టుకుని ఉబ్బి, దగ్గరపడి, నూనెను బయటికి తోసేస్తాయి. నీళ్లు మరీ ఎక్కువైతే ఆ రెండు మనసుల వాళ్లు మళ్లీ చేరి, నూనెనూ నీళ్లనూ కలిపి పాలలా చేసేస్తారు. మా అత్త చెప్పినదానికి పుస్తకం ఒక్క అక్షరం ఎదురు చెప్పలేదు. నేను చెప్పింది మాత్రం సగమే. నూనె, నీళ్లు కలవవు, నిజమే. కలవవు కాబట్టే కదా నీళ్లు పోసి నూనెను బయటికి తరిమేది. లేచి వెళ్లి మా అత్తకు చెప్పాలని ఎంత ఆత్రపడ్డానో. చెప్పాను. విని, "అట్లనా" అంది. ఈసారి నాకు అందులో నవ్వు కనిపించింది.

మరునాడు బస్సు ప్రొద్దుటూరు చేరేలోగా పాఠం తయారైంది. మా కాలేజీలో ఆడపిల్లలు రెండు జడలు వేసుకుని రావాలని రూలు. ఆ రూలంటే వాళ్లకు ఒళ్లు మంట. ఆ రోజు మాత్రం అది నా నెత్తిన పాలు పోసింది. పన్నెండు మందిని ముందుకు పిలిచాను. మీరు ఫాస్ఫోలిపిడ్లు అన్నాను. మొహం నీళ్లను ఇష్టపడే తల, రెండు జడలు రెండు కొవ్వు ఆమ్లాల తోకలు. ఆరుగురిని కిటికీ వైపు తిరగమన్నాను, ఆరుగురిని బోర్డు వైపు. వీపులు దగ్గరగా పెట్టి నిలబడితే జడలన్నీ మధ్యలోకి వచ్చాయి, మొహాలన్నీ బయటికి. అటూ నీళ్లు, ఇటూ నీళ్లు, మధ్యలో జడల పొర. ఇదే కణత్వచం, ప్రాణం ఉన్న ప్రతి కణం చుట్టూ ఉండే పొర ఇదే, మీ ఒంట్లోనూ చెనిక్కాయ మొక్కలోనూ అన్నాను. వెనక బెంచీ వాళ్లు లేచి నిలబడి చూశారు. ఆవులింత ఒక్కటి లేదు.

ఒకమ్మాయి మూడు జడలుంటే ఏమవుతుందని అడిగింది. నాకు ముద్దొచ్చింది ఆ పిల్ల. మూడు జడలుండి మొహం లేకపోతే అదే నూనె, నీళ్లతో పనిలేదు, మూలన ముద్దగా చేరుతుంది అన్నాను. బాగా దువ్వి, బిగించి అల్లిన తిన్నని జడలైతే పక్కపక్కనే సర్దుకుంటాయి, అది గట్టిపడిన నెయ్యి. మధ్యలో వంపు తిరిగిన జడలైతే దగ్గరికి చేరలేవు, అది చలికి కూడా పారే నూనె. కొలెస్ట్రాల్ చెడ్డది కదా మేడం అని ఇంకొకరు. ఎక్కువైతే రక్తనాళాలకు చేటే, కానీ అసలు లేకపోతే మన కణాల్లో ఈ జడల పొర సర్దుకుని నిలబడదు, దానితోనే మన ఒళ్లు హార్మోన్లు చేసుకుంటుంది, మీరు ఆడపిల్లలుగా ఎదగడంలోనూ దాని చెయ్యి ఉంది అని చెప్పాను. పొద్దున సంగటి ముద్దలో చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి అద్దుకుని తిన్న మనిషి మధ్యాహ్నం దాకా కలుపు తీయగలిగేది ఎందుకో కూడా చెప్పాను. గ్రాముకు గ్రాము తూస్తే పిండి పదార్థం కంటే కొవ్వులో రెండింతలకు పైగానే శక్తి. నరాల చుట్టూ తొడుగు కొవ్వే. క్యారెట్లో విటమిన్ ఒంటికి పట్టాలంటే కూరలో నూనె చుక్క ఉండాలి. ఒళ్లు వచ్చేది అన్న పిల్ల అవన్నీ రాసుకుని, చివర్లో చెయ్యెత్తి గానుగ చూపిస్తారా అని అడిగింది.

ఈలోగా నికా అయింది. పందిట్లో బిర్యానీ పొగలు, పిల్లలు పరుగులు. పెద్దాయన ఫోన్‌లోనే పెళ్లంతా చూశాడు. ఎవరో ఫోను వంట దగ్గరికి తీసుకెళ్లి నూనె గిన్నె కూడా చూపించారు. మన చేనిదేనా అని ఆయన రెండుసార్లు అడిగాడట. నాకు వడ్డిస్తూ పెద్దమ్మ అసలు సంగతి బయటపెట్టింది. నేను చపాతీలు తింటున్న ఆ సాయంత్రమే మా అత్త గోడ మీదుగా ఆమెను పిలిచి అడిగిందట.

"మా కోడలికి నీళ్ల సంగతి నేర్పించాల, నీ కాయలు రోంత సేపు నలిగితే ఏమనుకోవు కదా అని అడిగింది పాపా మీ అత్త. నా కాయలకేమీ కాదు, నువ్వుండావు కదా అన్న్యా నేను. ఎవురికంటే వాళ్లకు నేర్పిస్తాదా మీ అత్త? ఆ యమ్మ అట్ల అడిగింది ఇన్నేండ్లలో ఇదే."

ఇద్దరూ కలిసి నన్ను అంతసేపు చెమటలు పట్టించారని కోపం రావాలి. రాలేదు. పందిట్లో అటు చివర కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్న మా అత్తను చూస్తే కడుపు నిండినట్టయింది. ఇంకొంచెం వడ్డించమన్నాను.

తర్వాతి ఆదివారం పిల్లలు పద్నాలుగు మంది జమ్మలమడుగు బస్సు దిగారు. సెలవు రోజైనా అందరూ రెండు జడలే వేసుకొచ్చారు, పాఠం గుర్తుగానట. షెడ్డులో నిలబడటానికి చోటు లేదు. మా అత్త వాళ్లందరి చేతుల్లో తలా గుప్పెడు పప్పు పోసి తినమంది. మోటారు వేసింది. రవ్వ అయింది, పిండి అయింది. ఎందుకు, ఏమిటని పిల్లలు గుచ్చి గుచ్చి అడిగారు. ఆమె అన్నిటికీ నిదానంగా చెప్పింది. నీళ్లు ఎన్ని పోయాలి అవ్వా అని ఒకమ్మాయి నోట్సు తెరిచి అడిగితే మాత్రం నవ్వింది. అది రాసుకునేది కాదు అని, ఆ పిల్ల చెయ్యి పట్టి పిండిలో పెట్టించింది. నేను పక్కన నిలబడి రోకలి చప్పుడు వింటున్నాను. చప్పుడు మారింది. కీచు ఇంకా రాలేదు, వచ్చే ముందు ఒక గరగర ఉంటుంది. పెద్దమ్మ కాయలు ఆడించిన రోజు వరకు నాకు ఆ తేడా వినపడేది కాదు. నేను అత్త వైపు చూశాను. ఆమె అప్పటికే నన్ను చూస్తోంది.

గూట్లోంచి చెంబు తీసింది. వేడినీళ్లు వంచింది. తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది.

"పక్కింట్లో టీ పెట్నారంట. తాగి వస్తా," అంది.

చెప్పులేసుకుని, పిల్లల మధ్యలోంచి దారి చేసుకుని బయటికి పోయింది. తిరుగుతున్న గానుగను వదిలి ఆమె షెడ్డు దాటడం నేను చూడటం అదే మొదటిసారి. పద్నాలుగు మంది పిల్లలు నా చేతి వైపు చూస్తున్నారు. చెంబు నేననుకున్నంత బరువు లేదు. ఒక గుప్పెడు చల్లి ఆగాను. రెండు చుట్లు లెక్కపెట్టాను. పిండిలో వేళ్లు పెట్టి చూసి, ఇంకో గుప్పెడు చల్లాను. గోడ అవతల నుంచి మా అత్త, పెద్దమ్మ నవ్వులు వినపడుతున్నాయి. మూడో గుప్పెడుకు నూనె దిగింది.

వాయి అయిపోయేదాకా మా అత్త తిరిగి రాలేదు.